బరంపురం మురుగులో రబ్బరు: కండోమ్‌లు నిజంగా మట్టిలో కలుస్తాయా?

మందుల షాపులో కండోమ్ ప్యాకెట్ అడగడానికే గొంతు తగ్గించే ఊళ్లలో, వాడాక దాన్ని ఏం చేయాలన్న మాట ఎవరి నోటా రాదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... ఒడిశా సరిహద్దులో బజారుకు వెళితే తెలుగు వినబడే ఏ పట్టణమైనా ఇదే తీరు. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు, పనిమనిషి, ఎవరి కంటా పడకూడదు. అందుకని చాలామంది దాన్ని మరుగుదొడ్డిలో వేసి నీళ్లు కొట్టేస్తారు. మనసుకు సర్దిచెప్పుకోవడానికి ఒక మాట సిద్ధంగా ఉంటుంది: రబ్బరే కదా, చెట్టు పాలే కదా, మట్టిలో కలిసిపోతుందిలే. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద ఆకు బొమ్మ వేసి బయోడిగ్రేడబుల్ అని రాయడంతో ఆ మాటకు ఇంకాస్త బలం వచ్చింది.

ఆ మాటను అబద్ధమని కొట్టిపారేయలేం. ప్రయోగశాలలో అది నిజమే. సెప్టిక్ ట్యాంకులో మాత్రం కాదు. ఒక వస్తువు కుళ్లుతుందా లేదా అన్నది దేనితో చేశారన్న దాన్ని బట్టి సగమే తేలుతుంది. అది పడిన చోట గాలి ఉందా, తడి ఉందా, వెచ్చదనం ఉందా, దాన్ని తినే సూక్ష్మజీవులు ఉన్నాయా అన్నది మిగతా సగం. కండోమ్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో సగాన్నే అందరూ వదిలేస్తున్నారు.

మన దేశంలో అమ్మే, ఉచితంగా పంచే కండోమ్‌లలో అత్యధికం సహజ రబ్బరు పాలతో చేసినవే. 1968లో కేంద్ర ప్రభుత్వం మూడింటిని 15 పైసలకు అమ్మించిన నిరోధ్ నుంచి ఇవాళ ఆశా కార్యకర్త సంచీలో వచ్చే ప్యాకెట్ దాకా అదే సరుకు. ప్రభుత్వానికి వీటిని తయారుచేసిపెట్టడానికి 1966లో ఏర్పాటైన హిందుస్తాన్ లేటెక్స్, అంటే ఇప్పటి హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్, రబ్బరు తోటలున్న కేరళలోనే పుట్టింది. మన వైపు మారేడుమిల్లి వెళ్లినవాళ్లు కూడా రబ్బరు చెట్టుకు గాటు పెట్టి కింద చిప్ప కట్టడం చూసే ఉంటారు. అలా కారిన పాలలో ఇంచుమించు మూడో వంతు రబ్బరు. పాడైపోకుండా అమ్మోనియా కలిపి, నీళ్లు తీసేసి, రబ్బరు 60 శాతం ఉండేలా చిక్కబరుస్తారు. ఆ పాలలో గాజు అచ్చులు ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచి, వేడి పెడితే కండోమ్ తయారవుతుంది.

రసాయనికంగా ఆ రబ్బరు పేరు సిస్ పాలీఐసోప్రీన్. ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేల సంఖ్యలో పూసల దండలా గుచ్చుకుని ఉంటాయి. ప్రతి పూసలోనూ కార్బన్ల మధ్య ఒక జంట బంధం ఉంటుంది. పాలిథిన్‌కూ రబ్బరుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. పాలిథిన్ గొలుసులో పట్టుకుని తెంపడానికి వీలైన చోటు లేదు. రబ్బరులో ఆ జంట బంధం ఉన్న ప్రతిచోటా సూక్ష్మజీవి ఎంజైమ్‌కు పట్టు దొరుకుతుంది. తొలకరి జల్లు పడగానే మట్టి వాసన వస్తుంది కదా, ఆ వాసనకు కారణమైన స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియాలో కొన్ని రకాలు రబ్బరును తిని బతకగలవు. గోర్డోనియా జాతిలోనూ అలాంటివి ఉన్నాయి. మొదటి రకం ఎల్‌సీపీ అనే ఎంజైమ్‌ను బయటికి వదిలి పొడవాటి గొలుసును ముక్కలు చేసుకుంటుంది, ఆ ముక్కలను లోపలికి లాక్కుని ఆహారంగా వాడుకుంటుంది. రాక్స్‌ఏ అనే మరో ఎంజైమ్‌తో ఇదే పని చేసే వేరే బ్యాక్టీరియా కూడా ఉంది. కాబట్టి రబ్బరు బయోడిగ్రేడబుల్ అనడానికి గట్టి ఆధారమే ఉంది.

అయితే ఈ రెండు ఎంజైమ్‌లూ ఆక్సిజన్ లేకుండా పనిచేయలేవు. జంట బంధాన్ని తెంపడమంటే అక్కడ ఆక్సిజన్‌ను చేర్చడమే. గాలి అందని చోట ఈ కోత సాగదు. రబ్బరు తినే బ్యాక్టీరియా గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఈ షరతు చెప్పకుండా ముగిస్తారు.

షరతులు ఇంకా ఉన్నాయి. పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా మారుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేసే పద్ధతి కనిపెట్టాకే రబ్బరు నమ్మకంగా వాడుకునే సరుకైంది. గంధకం ఆ గొలుసులను పక్కపక్కన కట్టి అడ్డబంధాలు వేస్తుంది. టైరులో ఉన్నన్ని అడ్డబంధాలు కండోమ్‌లో ఉండవు కానీ, ఉన్నవి సూక్ష్మజీవి పనిని మందగించడానికి చాలు. ఇక గంధకం త్వరగా పనిచేయడానికి జింక్ ఆక్సైడ్, డైథయోకార్బమేట్లు కలుపుతారు. ఈ రెండో పేరు రైతులకు వేరే రూపంలో తెలుసు. పండ్ల తోటల్లో బూజు తెగుళ్లకు కొట్టే జైరామ్ ఈ డైథయోకార్బమేట్ల కుటుంబానిదే. తయారీలో చివర నీటితో కడిగేటప్పుడు చాలా భాగం పోతుంది, మిగిలేది తక్కువే. అయినా బూజును చంపే మందుల చుట్టం కాస్తయినా ఒంట్లో మిగిలిన వస్తువును బూజు తినేస్తుందని ధీమాగా చెప్పడం కాస్త విడ్డూరం.

వీటి పైన యాంటీఆక్సిడెంట్లు కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ రబ్బరును పెళుసు చేయకుండా ఆపడమే వాటి పని. అవి లేకపోతే వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయగడ ఆరోగ్య సబ్‌సెంటర్ బీరువాలో స్టాకు నెలల్లో పాడైపోతుంది. కండోమ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వాటిని 70 డిగ్రీల వేడిలో 7 రోజులు ఉంచాక కూడా గాలి నింపి పగిలేదాకా ఉబ్బించి పరీక్షిస్తారు. ప్యాకెట్ మీద అయిదేళ్ల దాకా గడువు ఉంటుంది. అంటే అయిదేళ్లు ఆక్సిజన్‌కు లొంగకుండా ఉండేలా తయారుచేసిన వస్తువు ఇది. వాడిన మరుక్షణం నుంచి అదే ఆక్సిజన్‌కు లొంగి మాయమైపోవాలని ఆశిస్తున్నాం. తయారీదారు తన పని సరిగ్గా చేసినకొద్దీ ఈ ఆశ దూరమవుతుంది. ఆ విషయంలో తయారీదారును తప్పుపట్టడానికి లేదు. పడకగదిలో చిరిగిపోయే కండోమ్ పర్యావరణానికి మేలు చేసినా ఎవరికీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న అపోహ. కొబ్బరి నూనె, ఆవనూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలం కోల్పోతుంది. అందుకే నూనెలు రాయొద్దని చెబుతారు. దాన్ని చూసి నూనె పోస్తే కరిగిపోతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. నూనె గొలుసుల మధ్యకు దూరి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, అంతే. గొలుసులు తెగవు. అది కుళ్లడం కిందికి రాదు.

లేటెక్స్ ఎంత కాలానికి మట్టిలో కలుస్తుందన్న లెక్క ఎక్కువగా బెలూన్ల వైపు నుంచి వచ్చింది. రెండింటిదీ ఒకే పదార్థం. లేటెక్స్ బెలూన్ ఓక్ చెట్టు ఆకు కుళ్లినంత వేగంగా కుళ్లుతుందని అమెరికాలో బెలూన్ వ్యాపారులు 1980ల చివరి నుంచి చెబుతూ వచ్చారు. ఆస్ట్రేలియాలో టాస్మేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. పారిశ్రామిక కంపోస్టులో, మంచినీటిలో, ఉప్పునీటిలో 16 వారాలు ఉంచి చూశారు. 2021లో అచ్చయిన ఫలితం ప్రకారం బెలూన్లు ఆకారం, సైజు దాదాపు మారకుండా అలాగే ఉన్నాయి. కండోమ్ బెలూన్ కన్నా పల్చన, రంగులు తక్కువ. కాబట్టి కొంత త్వరగా పోవచ్చు. కానీ వారాల్లో పోతుందన్న నమ్మకానికి ఈ ఫలితం తర్వాత చోటు లేదు.

పోల్చి చూసుకోవడానికి ఒక కొలబద్ద ఉంది. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్ అని చెప్పుకోవాలంటే ఐఎస్ఓ 17088 ప్రమాణం ప్రకారం 180 రోజుల్లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. బయోడిగ్రేడబుల్ అన్న ఒంటరి మాటకు మాత్రం అలాంటి గడువేదీ లేదు. పదేళ్లకు పోయినా ఆ మాట వాడుకోవచ్చు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో ఒక గీత గీసింది: మామూలుగా పారేసే చోట ఏడాదిలో పూర్తిగా మాయం కాకపోతే, ఏ వివరణా ఇవ్వకుండా ఆ మాట రాయడం మోసమే. మన దేశంలోనూ వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో పచ్చ ప్రచారాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణం పేరు చెప్పి అమ్మేవాళ్లు ఆధారం చూపాలంది. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ వేసిన కండోమ్ కంపెనీలను ఇకనైనా అడగాల్సిన ప్రశ్న: ఎక్కడ పారేస్తే, ఎన్నాళ్లకు?

ఎక్కడ అన్న ప్రశ్న బరంపురం లాంటి ఊళ్లో మరుగుదొడ్డి దగ్గర మొదలవుతుంది. ఒడిశా పట్టణాల్లో చాలా ఇళ్లకు ఉన్నది సెప్టిక్ ట్యాంకే. నీళ్లు కొట్టగానే కండోమ్ అందులోకి చేరుతుంది. ముడివేసి ఉంటే లోపలి గాలి వల్ల పైన తెట్టులో తేలుతుంది, లేదంటే అడుగున బురదలో కూరుకుంటుంది. ఎక్కడున్నా అది ఆక్సిజన్ లేని చోటే. సెప్టిక్ ట్యాంకు పనిచేసే పద్ధతే అది. మలాన్ని గాలి అక్కర్లేని బ్యాక్టీరియా జీర్ణం చేస్తుంది, రబ్బరు తినేవాటికి అక్కడ ఊపిరాడదు. కాలక్రమేణా ఇవన్నీ పోగుపడి బయటికి పోయే గొట్టానికి అడ్డం పడతాయి. ఖాళీ చేయడానికి వచ్చిన లారీ పైపులో ఇరుక్కుంటాయి. ఒడిశా గత కొన్నేళ్లలో చాలా పట్టణాలకు ఈ బురదను శుద్ధి చేసే కేంద్రాలు కట్టింది. దేశంలో ఈ విషయంలో ముందున్న రాష్ట్రాల్లో అదొకటి, మెచ్చుకోవాల్సిందే. అలాంటి కేంద్రంలో మొదటి మెట్టు ఇనుప జాలీ. గుడ్డ పీలికలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లతోపాటు కండోమ్‌లూ అక్కడ ఆగిపోతాయి. వాటిని ఒక మనిషి గీరి తీయాలి. ఇంట్లో ఎవరి కంటా పడకూడదని పారేసినది చివరికి ఒక పారిశుద్ధ్య కార్మికుడి చేతికి వెళుతోంది.

గాలి ఆడని మరుగు ఎంత కాలం దాచగలదో చెప్పే సాక్ష్యం ఇంగ్లండులో దొరికింది. డడ్లీ కోటలో 1640ల అంతర్యుద్ధ కాలంలో పూడిపోయిన ఒక మరుగుదొడ్డి గుంటను 1980లలో తవ్వారు. జంతువుల పేగు పొరతో చేసిన కండోమ్‌లు అందులో బయటపడ్డాయి. కండోమ్‌లకు వాడే పదార్థాల్లో పేగు కంటే త్వరగా కుళ్లేది ఇంకొకటి లేదు. అదే మూడు వందల ఏళ్లకు పైగా నిలిచింది. పదార్థం పేరు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ ఒక్క తవ్వకం గుర్తుపెట్టుకుంటే చాలు.

సెప్టిక్ ట్యాంకు లేని ఇళ్లలో గొట్టం నేరుగా వీధి కాలువలోకి ఉంటుంది. వానాకాలంలో ఆ కాలువ వాగులోకి, వాగు నదిలోకి. గుణుపురం వంశధార ఒడ్డున ఉంది. అక్కడ కాలువలో పడి నదికి చేరింది కిందికి కొట్టుకొస్తే శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ, ఆ తర్వాత కళింగపట్నం. రాయగడ వైపు నుంచి నాగావళి ఇదే పని చేస్తుంది. రాష్ట్రాల సరిహద్దు మనుషులకే. నీళ్లలో ఆక్సిజన్ కొంత ఉంటుంది, ఎండ తగిలితే పైన తేలే రబ్బరు పెళుసై చీలుతుంది కూడా. కానీ చీలిక అంటే కుళ్లిపోవడం కాదు, చిన్న ముక్కలు కావడం. గంజాం తీరంలో రుషికుల్య నది కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి. అలాంటి చోట తేలే మెత్తటి రబ్బరు ముక్క ఎంత చిన్నదైనా సమస్యే. గట్టి ప్లాస్టిక్ కంటే బెలూన్ల వంటి మెత్తటి వస్తువులు మింగిన సముద్ర పక్షులు చనిపోయే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని ఆస్ట్రేలియా పరిశోధకులు 2019లో తేల్చారు. మెత్తటిది పేగులో అడ్డం పడుతుంది.

చెత్తబుట్టలో వేస్తే? తడి చెత్తలో వేస్తే అది మైక్రో కంపోస్ట్ కేంద్రానికి వెళుతుంది. ఒడిశా పట్టణాల్లో మహిళా సంఘాలు నడిపే ఈ కేంద్రాల్లో కూరగాయల తొక్కలు నెల, నెలన్నరలో ఎరువవుతాయి. ఆ గడువులో లేటెక్స్ ఏమీ కాదు. జల్లెడలో మిగులుతుంది, మళ్లీ ఎవరో ఏరాలి. డంపింగ్ యార్డులో వేస్తే పై పొరలో ఉన్నన్నాళ్లూ ఎండ, గాలి తగిలి పాడవుతుంది. మీద మరో పది లారీల చెత్త పడ్డాక సెప్టిక్ ట్యాంకు కథే. తగలబెడితే గంధకం పొగ, మసి. రేకు కవరుతో కలిపి తగలబెడితే ఇంకా చెడ్డ పొగ.

ఆ రేకు కవరు గురించి ఎవరూ మాట్లాడరు. పాలిస్టర్, అల్యూమినియం, పాలిథిన్ పొరలు అతికించి చేసిన ఆ చిన్న చతురస్రం ఏ చోట పడినా కుళ్లదు. పాత సామాన్ల వ్యాపారి కొనడు. లోపలి వస్తువు వందశాతం మట్టిలో కలిసినా కవరు మిగులుతుంది. లోపలి జారుడు నూనె సిలికోన్. దానివల్ల పెద్ద బెడద లేదు, నేలలోని బంకమన్ను తగిలితే క్రమంగా విడిపోతుంది.

ఇతర పదార్థాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్ల కోసం వచ్చిన కృత్రిమ పాలీఐసోప్రీన్ గొలుసు సహజ రబ్బరుదే, ప్రొటీన్లు మాత్రం ఉండవు. తినే బ్యాక్టీరియా అవే, వేగం ఎక్కువేమీ కాదు. పాలీయురేథేన్ ప్లాస్టిక్. 2011లో యేల్ విద్యార్థులు ఈక్వడార్ అడవి నుంచి తెచ్చిన పెస్టలోటియోప్సిస్ అనే శిలీంధ్రం గాలి లేకుండా కూడా పాలీయురేథేన్ తింటుందని తేలినప్పుడు పెద్ద వార్త అయింది. అది పాలిస్టర్ రకం పాలీయురేథేన్‌తో ప్రయోగశాలలో జరిగిన పని. మన డంపింగ్ యార్డుకూ దానికీ ఇంకా ఏ సంబంధం ఏర్పడలేదు. మహిళల కండోమ్‌లో మొదటి తరం పాలీయురేథేన్, ఇప్పటిది నైట్రైల్. నైట్రైల్ గ్లవ్స్ వాడే ఆసుపత్రివాళ్లకు తెలుసు, అది నూనెకూ లొంగదు, బ్యాక్టీరియాకూ తేలిగ్గా లొంగదు.

మిగిలింది గొర్రె పేగు పొరతో చేసినవి. గాలి, మట్టి దొరికితే నిజంగా త్వరగా కుళ్లేవి ఇవొక్కటే. విదేశాల్లో దొరుకుతాయి. పర్యావరణం పేరుతో వీటిని మెచ్చుకునే రాతలు కనిపిస్తాయి కానీ, ఆ పొరలో సహజంగా ఉండే సూక్ష్మ రంధ్రాల్లోంచి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి వైరస్‌లు దాటిపోగలవు. వీర్యకణాన్ని ఆపుతుంది, వైరస్‌ను ఆపదు. గంజాం జిల్లాలో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే తేడా. సూరత్ మరమగ్గాలకు తరాలుగా వలస వెళ్లే ఈ జిల్లా ఒడిశాలో హెచ్‌ఐవీ బెడద ఎక్కువగా చూసిన జిల్లా. ఇక్కడ కండోమ్‌ను ముందు రక్షణగా చూడాలి, చెత్తగా ఆ తర్వాత. మట్టిలో కలుస్తుందా లేదా అన్న టెన్షన్‌తో ఒక్కరు వాడటం మానేసినా ఈ చర్చ అంతా దండగే. పైగా చెత్తలో దీని వాటా ఎంత? ఒక కండోమ్ బరువు రెండు గ్రాములకు మించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహిత మహిళల్లో ఈ పద్ధతి మీద ఆధారపడేవాళ్లు 9.5 శాతం. డైపర్ల గుట్ట పక్కన ఇది కనిపించదు కూడా. సమస్య బరువుది కాదు, తప్పు చోట పడటానిది.

సరైన చోటు ఏదో చట్టం ఎప్పుడో చెప్పింది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు శానిటరీ వ్యర్థాల నిర్వచనంలో డైపర్లు, న్యాప్కిన్లతోపాటు కండోమ్‌లను పేరు పెట్టి చేర్చాయి. అలాంటివాటిని గట్టిగా చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయాలని అప్పట్లో అన్నాయి; వాటి స్థానంలో 2026లో వచ్చిన నిబంధనలు శానిటరీ చెత్తను విడిగా ఉంచాలన్నాయి. 2016 నిబంధనల్లో న్యాప్కిన్, డైపర్ కంపెనీలు చుట్టి పారేయడానికి ఒక్కోదానికీ ఒక కవరు ఇవ్వాలని ఉండేది. కండోమ్ కంపెనీల ప్రస్తావన అక్కడ లేదు. అసలు సిగ్గు వల్లే మరుగుదొడ్డి పాలవుతున్న వస్తువుకు లోపల ఏముందో కనబడని చిన్న కాగితం కవరు న్యాప్కిన్ కంటే ఎక్కువ అవసరం. ఉచితంగా పంచే ప్యాకెట్లలో ప్రభుత్వం దాన్ని పెట్టించడం మొదలుపెడితే ప్రైవేటు కంపెనీలు వెనకే వస్తాయి. అప్పటిదాకా పాత న్యూస్‌పేపర్ చాలు. ముడివేసి, రెండు మడతలు చుట్టి, రేకు కవరుతో సహా శానిటరీ చెత్త డబ్బాలో, అది లేని చోట పొడి చెత్తలో వేయాలి.

చెత్త బండి రాని గజపతి, రాయగడ కొండ పల్లెల్లో పూడ్చడమే దారి. బావికీ వాగుకూ దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతులో, అంటే మోకాలి లోతు గుంట చాలు. మరీ లోతుకు పోతే గాలి అందదు, మరీ పైన ఉంటే కుక్క తవ్వుతుంది. రేకు కవరు అందులో వేయకూడదు. దాన్ని విడిగా దాచి వారపు సంతకు వచ్చినప్పుడు పట్టణంలో పొడి చెత్త డబ్బాలో వేయొచ్చు. గ్రామంలో గావ్ కల్యాణ్ సమితి (గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ) సమావేశంలో ఆశా కార్యకర్త ప్యాకెట్లు ఇచ్చేటప్పుడే ఈ నాలుగు మాటలూ చెబితే, ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది.